గడియకుడుక నుంచి గోడగడియారం వరకు: ద్రాక్షారామ పరిసరాల్లో కాలమానం, ఖచ్చితత్వం, సేకరణ

వ్యాససంగ్రహం:
గోదావరి డెల్టా సాంఘిక చరిత్రలో భూమి, నీరు, పంట, పన్ను విరివిగా చర్చకు వచ్చాయి. కాలాన్ని కొలిచిన సాధనాలు మాత్రం పక్కనే ఉండిపోయాయి. ద్రాక్షారామాన్ని కేంద్రంగా తీసుకొని గడియకుడుక, లోలక గడియారం, మద్రాసు కాలం, భారత ప్రామాణిక కాలం అనే నాలుగు దశలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత యాంత్రిక గడియారం ఖచ్చితత్వాన్ని దాని యంత్రాన్ని బట్టి మాత్రమే నిర్ణయించలేమని, అది ఉన్న చోటును, దాన్ని సరిచేసిన ప్రమాణాన్ని కూడా చూడాలని ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టితో జాతకచక్రాలు, దినచర్యలు, ఉత్తరాల్లోని వేళలను పరిశోధకులు ఎలా చదవాలో, గడియారాల సేకరణలో ఏ ఆధారాలు పోతున్నాయో చర్చిస్తుంది.

కీలక పదాలు: ద్రాక్షారామం, గడియకుడుక, లోలకం, మద్రాసు కాలం, భారత ప్రామాణిక కాలం, జాతకచక్రం, గడియారాల సేకరణ.

1. ఉపోద్ఘాతం:

'గడియ తీరిక లేదు, గవ్వ ఆదాయం లేదు' అనే సామెతలోని గడియ నేడు కేవలం 'కాసేపు' అనే అర్థంలో వినిపిస్తుంది. ఒకప్పుడది కచ్చితమైన కొలత. అహోరాత్రంలో 60వ భాగం గడియ, అంటే 24 నిమిషాలు. గడియలో 60వ భాగం విగడియ, అంటే 24 సెకన్లు. సంస్కృత 'ఘటిక'కు ఇది తద్భవం. ఘటిక అంటే చిన్న కుండ. కాలాన్ని కొలిచిన పాత్ర పేరే కాలపరిమాణానికి పేరైంది. గంటలను చూపే విదేశీ యంత్రం వచ్చినప్పుడు తెలుగువారు దానికి కొత్త పేరు వెతుక్కోలేదు. గడియ ఉన్న మాటతోనే దాన్ని 'గడియారం' అన్నారు. చూపేది గంటలు, పేరు గడియలది. రెండు కాలమానాలు ఒకే ఇంట్లో కలిసి బతికిన చరిత్రకు ఈ ఒక్క మాటే సాక్ష్యం.

ఆ సహజీవనాన్ని పరిశీలించడానికి ద్రాక్షారామం తగిన స్థలం. పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం వందలాది శాసనాలను భద్రపరచింది. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు ఇక్కడ కోఠీ పెట్టారు. 20వ శతాబ్దంలో కాకినాడ - కోటిపల్లి రైలుమార్గం ఈ ఊరి మీదుగా వేశారు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన మధ్యాహ్నరేఖ ఇక్కడికి తూర్పున అర డిగ్రీ కన్నా తక్కువ దూరంలో ఉంది. కాలాన్ని ఎవరు కొలిచారు, దేన్ని ప్రమాణంగా పెట్టుకొని కొలిచారు అనే ప్రశ్నను ఒకే ఊరి నుంచి అడగడానికి ఇవి చాలు.

2. శాసనకాలం, గడియకుడుక:

ద్రాక్షారామ శాసనాలు చాలావరకు దాన శాసనాలు. దక్షిణ భారత శాసన సంపుటాల్లో నాలుగోది వీటిని విరివిగా ప్రకటించింది. శకవర్షం, మాసం, తిథి, వారంతో పాటు దానం చేసిన పుణ్యకాలాన్ని కూడా ఇవి చెబుతాయి. ఉత్తరాయణ సంక్రాంతి, విషువు, గ్రహణం వంటి సందర్భాలు తరచుగా కనిపిస్తాయి. దేవుని ముందు అఖండదీపం నిలపడానికి గొర్రెలనో ఆవులనో ఇచ్చి, రోజుకింత నెయ్యి అని కొలత పెట్టడం ఈ దానాల్లో పరిపాటి. ఆరిపోని దీపానికి రోజువారీ నెయ్యి కొలత పెట్టడమంటే కాలప్రవాహాన్ని ద్రవ్యపరిమాణంగా లెక్కకట్టడమే.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. సంక్రాంతి కంటికి కనబడే సంఘటన కాదు. సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశికి మారే క్షణాన్ని జ్యోతిషి గణించి చెప్పాలి. గణించిన క్షణాన్ని నేల మీద గుర్తించడానికి ఒక సాధనం కావాలి. ఆ సాధనమే గడియకుడుక. అడుగున సన్నని రంధ్రమున్న రాగిగిన్నెను నీళ్లలో వదిలితే అది క్రమంగా నిండి మునుగుతుంది. అహోరాత్రంలో 60 సార్లు మునిగేలా ఆ గిన్నె ఉండాలని సూర్యసిద్ధాంతం చెబుతుంది.

దీని ఖచ్చితత్వం ఎంత? గిన్నె మునిగే వ్యవధిలో ఒక శాతం తేడా ఉందనుకుంటే, 60 మునకలకు ఆ తేడా 14 నిమిషాల 24 సెకన్లవుతుంది. రంధ్రంలో పాచి పేరుకున్నా, నీరు మురికిదైనా, గిన్నె అంచు సొట్టపడినా ఒక శాతం తేడా రావడం కష్టమేమీ కాదు. నీటి జిగట కూడా ఉష్ణోగ్రతతో మారుతుంది. 20 డిగ్రీల నీటి కంటే 30 డిగ్రీల నీటికి జిగట సుమారు ఐదోవంతు తక్కువ. రంధ్రం ఎంత సన్ననిదైతే ఈ ప్రభావం అంత ఎక్కువ.

అయితే ఈ తేడా రోజురోజుకూ పేరుకోదు. లెక్క ప్రతి సూర్యోదయానికీ కొత్తగా మొదలవుతుంది. కొండలు అడ్డురాని డెల్టా మైదానంలో సూర్యోదయం స్పష్టంగా కనబడే ప్రమాణం. కాబట్టి గడియకుడుక పద్ధతిలో దోషానికి ఒక్కరోజే ఆయుష్షు. ఆ సాధనం స్థూలమైనదే కాని దాన్ని సరిచేసే ప్రమాణం మాత్రం ప్రతి ఇంటి వాకిట్లోనూ ఉంది. తర్వాత వచ్చిన యంత్రాల విషయంలో ఈ సంబంధం తలకిందులైంది. యంత్రం సూక్ష్మమైంది, ప్రమాణం దూరమైంది.

3. వలందుల కోఠీ, లోలకం పుట్టుక:

హాలండు దేశస్థులను తెలుగువారు వలందులన్నారు. బందరులోని వలందపాలెం, నరసాపురంలోని వలంధర రేవు ఆ పేరును నేటికీ మోస్తున్నాయి. నూలుబట్టల వ్యాపారం కోసం వారు గోదావరి ప్రాంతంలో పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ దగ్గరి జగన్నాథపురం వంటి చోట్ల కోఠీలు నడిపారు.

ద్రాక్షారామంలో డచ్చి వర్తకం సాగిన 17వ శతాబ్దంలోనే వారి స్వదేశంలో కాలమాపన చరిత్ర మలుపు తిరిగింది. 1656లో క్రిస్టియాన్ హైగెన్స్ లోలకాన్ని గడియారానికి జోడించాడు. హేగ్ నగరంలోని పనివాడు సాలమన్ కోస్టర్ మరుసటి ఏడాది నుంచి అటువంటి గడియారాలను తయారుచేశాడు. అంతకుముందు ఐరోపా యాంత్రిక గడియారాలు రోజుకు సుమారు పావుగంట తేడాతో నడిచేవి. లోలకం వచ్చాక ఆ తేడా సుమారు 15 సెకన్లకు దిగింది.

ఈ సంఖ్యలను గడియకుడుక లెక్కతో పోల్చి చూడాలి. లోలకానికి ముందరి ఐరోపా గడియారం రోజుకు 15 నిమిషాలు తప్పితే, ఒక శాతం దోషమున్న రాగిగిన్నె రోజుకు 14 నిమిషాలు తప్పుతుంది. అంటే 1656కు ముందు ద్రాక్షారామంలో ఒక డచ్చి వర్తకుని గడియారాన్ని, ఒక జ్యోతిషి గడియకుడుకను పక్కపక్కన పెట్టి ఉంటే ఖచ్చితత్వంలో రెండూ దాదాపు సమానమే. పైగా గడియకుడుకను ప్రతి ఉదయం సూర్యునితో సరిపెట్టే అలవాటు ఉంది. యాంత్రికమైనది కాబట్టి ఐరోపా సాధనం మొదటి నుంచీ మేలైనదనే భావనకు ఈ పోలికలో ఆధారం దొరకదు. నిజమైన అంతరం లోలకంతోనే మొదలైంది.

4. డెల్టాలో లోలకం నడక:

లోలకం ఒక ఊపుకు తీసుకునే కాలం దాని పొడవు మీద, ఆ చోటి గురుత్వాకర్షణ మీద ఆధారపడుతుంది. సెకనుకు ఒక్కసారి అటునుంచి ఇటు ఊగే లోలకం పొడవు సుమారు 994 మిల్లీమీటర్లు. భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా అణగి, మధ్యరేఖ దగ్గర ఉబ్బి ఉండడం వల్లా, భూభ్రమణం వల్లా, మధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ గురుత్వం తగ్గుతుంది. 1672లో ఫ్రెంచి ఖగోళవేత్త జ్యాఁ రిషే దక్షిణ అమెరికాలోని కయెన్‌కు గడియారం తీసుకువెళ్లినప్పుడు, పారిస్‌లో సరిగ్గా నడిచినది అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది.

ఇదే లెక్క ద్రాక్షారామానికి వేయవచ్చు. ఈ ఊరి అక్షాంశం సుమారు 16 డిగ్రీల 47 నిమిషాలు. లండన్‌తో పోలిస్తే ఇక్కడి గురుత్వం సుమారు 0.28 శాతం తక్కువ. దాని ఫలితంగా లండన్‌లో సరిచేసిన లోలక గడియారం ఇక్కడ రోజుకు సుమారు 2 నిమిషాలు వెనకబడుతుంది. సెకను లోలకమైతే దాని పొడవును సుమారు 2.8 మిల్లీమీటర్లు తగ్గించాలి. గుండు కింద ఉండే మరను తిప్పి గుండును పైకి జరపడమే ఆ పని. తయారైన చోటి నుంచి అలాగే తెచ్చి గోడకు తగిలించిన గడియారం నెల తిరిగేసరికి గంట వెనకబడితే, ఆ తప్పు పనివాడిది కాదు, యంత్రానిదీ కాదు. అది భూమి ఆకారం చూపే తేడా.

వేడి రెండో కారణం. ఉక్కు కడ్డీ గల లోలకం ఒక డిగ్రీ ఉష్ణోగ్రత పెరిగితే రోజుకు సుమారు అర సెకను, ఇత్తడి కడ్డీ అయితే సుమారు 0.8 సెకను వెనకబడుతుంది. మాఘమాసపు రాత్రికీ రోహిణీ కార్తె మధ్యాహ్నానికీ నడుమ 20 డిగ్రీల వ్యత్యాసం ఉందనుకుంటే, ఉక్కు లోలకంలో అది రోజుకు 10 సెకన్ల మార్పు. సాధారణ గృహానికి ఇది పెద్ద తేడా కాదు. ఖగోళ పరిశీలనకు మాత్రం ఇది భరించరానిది. అందుకే 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ ఉక్కు, ఇత్తడి కడ్డీలను కలిపి ఒకదాని వ్యాకోచాన్ని మరొకటి సరిపెట్టేలా జాలీ లోలకాన్ని రూపొందించాడు.

తేమ మూడో కారణం. కొయ్య కడ్డీ ఉష్ణోగ్రతకు లోహమంతగా సాగదు కాని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలి ఉక్కు స్ప్రింగులకు తుప్పు పట్టిస్తుంది. ధూళి కలిసిన నూనె చిక్కబడి పళ్లచక్రాల కదలికను బరువెక్కిస్తుంది. వర్షాలకు నాని కొద్దిగా ఒరిగిన గోడ 'టిక్', 'టక్'ల నడుమ సమత్వాన్ని చెడగొడుతుంది. స్ప్రింగుతో నడిచే గడియారంలో మరో చిక్కు కూడా ఉంది. కీ ఇచ్చిన నాడు బలం ఎక్కువ, ఏడోనాడు తక్కువ. ఆ బలాన్ని బట్టి నడక మారుతుంది. కాబట్టి అటువంటి గడియారం ఖచ్చితత్వాన్ని ఒక్కరోజు చూసి చెప్పడం సరికాదు. కీ ఇచ్చిన దినం నుంచి మళ్లీ కీ ఇచ్చే దినం వరకు చూడాలి.

5. వేధశాల ప్రమాణం:

గడియారాన్ని దేనితో సరిచూడాలి? తీరాంధ్రలో ఈ ప్రశ్నకు జవాబు 18వ శతాబ్దం చివర సర్వే అవసరాల నుంచి వచ్చింది. ద్రాక్షారామానికి సమీపంలోని కోరంగి రేవును, కృష్ణా - గోదావరి ప్రాంతాన్ని సర్వే చేసిన మైకేల్ టాపింగ్ మద్రాసు వేధశాల నిర్మాణానికి కూడా కారకుడు. విలియం పెట్రీ 1786లో సొంతంగా నెలకొల్పిన చిన్న వేధశాలను ఈస్టిండియా కంపెనీ స్వీకరించింది. 1792లో దానికి కొత్త భవనం సిద్ధమైంది. అక్కడి రాతి స్తంభం మీది లేఖనాల్లో తెలుగుకు కూడా చోటు దక్కింది. టాపింగ్ 1796లో బందరులో మరణించాడు. నదిని కొలిచినవాడూ, కాలాన్ని కొలిచే చోటును కట్టించినవాడూ ఒకరే కావడం యాదృచ్ఛికం కాదు. రేఖాంశం తెలియాలంటే కాలం తెలియాలి. రేఖాంశం తెలియకుండా పటం లేదు.

ఆ వేధశాలకు చెందిన జాన్ షెల్టన్ గడియారం నేడు కొడైకెనాల్ వేధశాలలో నడుస్తూనే ఉంది. కెప్టెన్ కుక్ యాత్రల్లో వాడిన గడియారాల తయారీదారు కూడా ఈ షెల్టనే. జాన్ గోల్డింగ్‌హామ్ మద్రాసులో లోలకం పొడవును నిర్ధారించే ప్రయోగాలు చేసి 1822లో ప్రకటించాడు. ఉష్ణమండలంలో లోలకం ఎలా నడుస్తుందనే ప్రశ్నకు అవి స్థానికంగా దొరికిన సమాధానాలు.

తెలుగువారి సొంత వేధశాల విశాఖపట్నంలో వెలిసింది. గోడే వెంకట జగ్గారావు (1817-1856) మద్రాసు వేధశాలాధిపతి టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం అభ్యసించి, 1840లో డాబా గార్డెన్స్‌లో వేధశాలను స్థాపించాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండాకొయ్య సంకేతంతో పట్టణానికీ ఓడలకూ వేళ తెలిపే ఏర్పాటు ఆయనతో మొదలైంది. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827-1892) ఆ వేధశాలను కొనసాగించి, 1874 నాటి శుక్రగ్రహణాన్ని పరిశీలించాడు. ప్రజలకు సరైన వేళ తెలపడాన్ని ధర్మకార్యంగా భావించిన తెలుగు కుటుంబమిది.

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేలను కొద్దికాలం ప్రపంచ ఖగోళశాస్త్రానికి కేంద్రం చేసింది. గుంటూరులో జాన్సెన్, బందరులో పాగ్సన్, వనపర్తిలో చింతామణి రఘునాథాచారి పరిశీలనలు జరిపారు. సంపూర్ణగ్రహణం కొద్ది నిమిషాల ముచ్చట. ఆ నిమిషాలను పట్టుకోవడానికి ముందు రోజుల నుంచీ గడియారాలను నక్షత్రాలతో సరిచూసుకోవాలి. రఘునాథాచారి తర్వాత దృగ్గణిత పంచాంగం కోసం కృషి చేయడం గమనార్హం. ఆకాశంలో చూసిన దానికీ పంచాంగంలో రాసిన దానికీ నడుమ ఉన్న తేడా, గడియారంతో పనిచేసిన ఆయనకు సంఖ్యల్లో తెలిసింది.

ఖగోళవేత్తలు గడియారాన్ని వాడిన తీరులో ఒక పాఠం ఉంది. వారు ముల్లును మాటిమాటికీ సరిచేయరు. గడియారాన్ని దాని మానాన నడవనిచ్చి, రోజుకెంత తేడా వస్తోందో రాసుకుంటారు. రోజూ సరిగ్గా 2 నిమిషాలు వెనకబడే గడియారం వారికి పనికొస్తుంది, ఎందుకంటే ఆ తేడాను లెక్కలో సరిదిద్దవచ్చు. ఒకనాడు 20 సెకన్లు ముందుకు, మరునాడు 20 సెకన్లు వెనక్కు పోయేది పనికిరాదు. నడకలోని నిలకడే ఖచ్చితత్వానికి మూలం.

6. ఒక ఊరు, మూడు కాలాలు:

రైలు, తంతి విస్తరించిన 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో మద్రాసు వేధశాల కాలమే రైల్వేలకు దేశవ్యాప్త ప్రమాణమైంది. అది గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుండేది. 1906 జనవరి 1 నుంచి 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఆధారంగా, గ్రీనిచ్ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుండే భారత ప్రామాణిక కాలం అమలుకు వచ్చింది. కలకత్తా, బొంబాయి నగరాలు మరికొన్ని దశాబ్దాలు తమ కాలాలను విడువలేదు. మద్రాసు రాష్ట్రంలో మార్పు వెంటనే జరిగింది.

ద్రాక్షారామం రేఖాంశం సుమారు 82 డిగ్రీల 4 నిమిషాలు. ఒక డిగ్రీకి 4 నిమిషాల లెక్కన, ఇక్కడి స్థానిక మధ్యమ కాలం గ్రీనిచ్ కన్నా సుమారు 5 గంటల 28 నిమిషాల 16 సెకన్లు ముందుంటుంది. దీని నుంచి మూడు సంబంధాలు తేలుతాయి. మొదటిది, మద్రాసు కాలం చూపే గడియారం ద్రాక్షారామం స్థానిక కాలానికి సుమారు 7 నిమిషాలు వెనక ఉంటుంది. రెండోది, 1906 తర్వాత ప్రామాణిక కాలం చూపే గడియారం స్థానిక కాలానికి సుమారు 1 నిమిషం 44 సెకన్లు మాత్రమే ముందుంటుంది. మూడోది, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు యుద్ధకారణంగా గడియారాలను గంట ముందుకు జరిపినప్పుడు ఆ అంతరం 1 గంట 1 నిమిషం 44 సెకన్లయింది.

ద్రాక్షారామం మీదుగా కాకినాడ - కోటిపల్లి రైలుమార్గం 1928లో ఏర్పడింది. యుద్ధావసరాల కోసం 1940లో పట్టాలు తీసివేశారు. తిరిగి 2004లో రైలు వచ్చింది. కాబట్టి ఈ ఊరి స్టేషను గడియారం మద్రాసు కాలాన్ని ఎన్నడూ ఎరగదు, యుద్ధకాలపు గంట మార్పునూ చూడలేదు. అది చూపిన ప్రామాణిక కాలం సూర్యునికి చాలా దగ్గరిది. దేశంలో అనేక ప్రాంతాలకు ప్రామాణిక కాలం దూరపు కాలం. గోదావరి డెల్టాకు మాత్రం అది దాదాపు సొంత కాలం.

నీడను బట్టి చూసే వేళకు మరో సవరణ కావాలి. సూర్యుని గమనం ఏడాది పొడవునా సమంగా ఉండదు. నవంబరు మొదట్లో నీడగడియారం యాంత్రిక గడియారం కన్నా సుమారు 16 నిమిషాలు ముందుంటుంది. ఫిబ్రవరి నడిమికి సుమారు 14 నిమిషాలు వెనకబడుతుంది. ఏప్రిల్, జూన్ నెలల మధ్యలోనూ, సెప్టెంబరు ఆరంభంలోనూ, డిసెంబరు చివరిలోనూ రెండూ కలుస్తాయి. అన్నవరం రత్నగిరి మీద ఉన్న నీడగడియారం వంటి దాన్ని చేతిగడియారంతో పోల్చి 'తప్పు చూపుతోంది' అనుకునేవారు ఈ సవరణను మరిచిపోతారు. రెండూ వేర్వేరు సూర్యులను చూపుతున్నాయి. ఒకటి కంటికి కనబడే సూర్యుణ్ణి, మరొకటి లెక్కలోని సూర్యుణ్ణి.

7. జాతకచక్రంలో గడియారం:

పై లెక్కలు తెలుగు పరిశోధకునికి ఎక్కడ అవసరమవుతాయి? ముందుగా జాతకచక్రాల్లో. కవుల, జమీందార్ల, పండితుల జీవితచరిత్రలు రాసేటప్పుడు జాతకచక్రం ప్రధానాధారం. అందులో జననకాలం 'సూర్యోదయాది గడియలు' అని ఉంటుంది. యాంత్రిక గడియారం ఇంటికి వచ్చాక ఆ గడియలను చాలాసార్లు గంటల నుంచి మార్చి రాయవలసి వచ్చింది. తప్పు దొర్లేది ఆ మార్పిడిలోనే.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. 1890 ప్రాంతంలో ద్రాక్షారామ పరిసరాల్లో ఒక శిశువు పుట్టిన వేళ స్థానిక కాలం ప్రకారం పగలు 12 గంటల 12 నిమిషాలు. ఆనాటి సూర్యోదయం స్థానిక కాలంలో 6 గంటలకు. గడిచింది 6 గంటల 12 నిమిషాలు, అంటే 15 గడియల 30 విగడియలు. ఇంట్లోని గడియారాన్ని మద్రాసు కాలానికి సరిచేసి ఉంటే అది పుట్టిన వేళను 12 గంటల 5 నిమిషాలుగా చూపుతుంది. పంచాంగంలోని స్థానిక సూర్యోదయాన్ని దాని నుంచి తీసివేస్తే 15 గడియల 12 విగడియలే వస్తాయి. పదిహేడు, పద్దెనిమిది విగడియలు మాయమయ్యాయి. అదే గడియారంలో ఆ ఉదయం సూర్యోదయాన్ని కూడా చూసి రాసుకొని ఉంటే అది 5 గంటల 53 నిమిషాలు చూపేది. అప్పుడు తీసివేతలో దోషం దానంతటదే రద్దయ్యేది. గడియారం తప్పుగా ఉన్నా ఫలితం సరిగా వచ్చేది. రెండు వేళలు ఒకే సాధనం నుంచి వచ్చాయా, వేర్వేరు ప్రమాణాల నుంచి వచ్చాయా అన్నదే అసలు ప్రశ్న.

లగ్నం సగటున 4 నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. ఒక రాశి ఉదయించడానికి సగటున 2 గంటలు పడుతుంది. 7 నిమిషాల దోషం వల్ల సుమారు 17 జాతకాల్లో ఒకదానికి లగ్నమే మారిపోతుంది. నవాంశ వ్యవధి 13 నిమిషాల 20 సెకన్లు కాబట్టి సగానికి పైగా జాతకాల్లో నవాంశ మారుతుంది. యుద్ధకాలపు గంట తేడాను గుర్తించకపోతే దాదాపు సగం జాతకాల్లో లగ్నం తప్పుతుంది. జ్యోతిషఫలాల మీద విశ్వాసం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రస్తుతం కాదు. జాతకచక్రాన్ని చారిత్రకాధారంగా వాడి జననకాలాన్ని పునర్నిర్మించే పరిశోధకుడు, దాని వెనక ఉన్న గడియారం ఏ ప్రమాణానికి కట్టుబడిందో అడగక తప్పదు. ఒక వ్యక్తికి రెండు జాతకచక్రాలు దొరికి అవి పొసగనప్పుడు, ఒకదాన్ని కల్పితమని తోసిపుచ్చే ముందు 7 నిమిషాల తేడా, గంట తేడా సరిపోతాయేమో చూడాలి.

దినచర్యలు, న్యాయస్థాన వాంగ్మూలాలు, ఉత్తరాల్లోని వేళలకు కూడా ఇదే వర్తిస్తుంది.

8. సేకరణలో నిలిచేది, పోయేది:

తెలుగునేల మీద గడియారాల సేకరణకు ప్రసిద్ధ నిదర్శనం హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) సేకరించిన వస్తువులతో 1951లో ఇది ప్రారంభమైంది. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ సమకూర్చిన సంగీత గడియారం ముందు ప్రతి గంటకూ జనం గుమికూడుతారు. లోపలి నుంచి బొమ్మ వచ్చి గంట కొట్టడం చూడటమే వారి ఆసక్తి. అది సరైన వేళకు కొట్టిందా అని చేతిగడియారం చూసుకునేవారు అరుదు. సేకరణ లోకంలో గడియారానికి విలువ అందం వల్ల, అరుదుతనం వల్ల, తయారీదారు పేరు వల్ల వస్తుంది. నడకకు అక్కడ రెండో స్థానమే.

మధ్యతరగతి ఇళ్ల గోడగడియారాల సంగతి వేరు. జర్మనీకి చెందిన గుస్తావ్ బెకర్, యుంగాన్స్, అమెరికాకు చెందిన ఆన్సోనియా, సెత్ థామస్, జపానుకు చెందిన సైకోషా పేర్లు నేటి సేకర్తల నోట తరచుగా వినిపిస్తాయి. 1929లో మూతపడిన ఆన్సోనియా వంటి సంస్థల గడియారాలకు గిరాకీ ఎక్కువ. బెకర్ యంత్రాల మీద లంగరు గుర్తును, వరుస సంఖ్యను చూసి తయారీకాలాన్ని అంచనా వేస్తారు. ఒక గడియారపు పెట్టెలో మరో గడియారపు యంత్రాన్ని బిగించి అమ్మడం ఈ వ్యాపారంలో పరిపాటి. పెట్టెలోని పాత మరరంధ్రాలు కొత్త యంత్రానికి సరిపడకపోవడం, ముఖఫలకం మీది కీ రంధ్రాలు లోపలి ఇరుసులతో కలవకపోవడం దీన్ని పట్టిస్తాయి.

చరిత్రకారునికి ఎక్కువ నష్టం కలిగించేది ఈ మోసం కాదు, సదుద్దేశంతో జరిగే బాగుచేత. గడియారం 'ఖచ్చితంగా' నడవాలని లోలకం వేలాడే పల్చని ఉక్కు రేకును మారుస్తారు, గుండును మారుస్తారు, పాత నూనెతో పాటు లోపలి గీతలనూ తుడిచివేస్తారు. మరీ విసిగితే యంత్రాన్ని తీసి బ్యాటరీ యంత్రం పెడతారు. బాగుచేసేవారు యంత్రం వెనక పలక మీద తేదీని సన్నగా గీకి పెట్టడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. పెట్టె లోపల అతికించిన కాగితాలు, లోలకపు మర నిలిచిన స్థానం, అరిగిన పళ్లు కూడా సాక్ష్యాలే. మర ఎక్కడ నిలిచిందో చూస్తే ఆ గడియారం ఈ అక్షాంశంలో నడవడానికి ఎంత సర్దుబాటు పొందిందో తెలుస్తుంది. బాగుచేతలో ఆ మర ఒక్కసారి తిరిగితే ఆ ఆధారం తిరిగి రాదు.

అందువల్ల పాత గడియారాన్ని ముట్టుకునే ముందు చేయవలసిన పని ఒకటుంది. దాని నడకను ఉన్నదున్నట్టు నమోదు చేయాలి. కీ ఇచ్చిన నాటి నుంచి ఎనిమిది రోజులు, ప్రతిరోజూ ఒకే వేళకు, ప్రామాణిక కాలంతో తేడాను సెకన్లలో రాసుకోవాలి. పక్కన గది ఉష్ణోగ్రతను, తేమను రాయాలి. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఈ పని చేస్తే ఒక చిన్న పట్టిక తయారవుతుంది. నడవని గడియారమైతే లోలకం పొడవు, మర స్థానం, వెనక పలక మీది గీతలు ఛాయాచిత్రాల్లో భద్రపరచాలి. ఇల్లు మారినా, యజమాని మారినా ఆ పట్టిక గడియారంతో పాటే సాగాలి. ప్రాచ్యలిఖిత గ్రంథాలకు వివరణ పట్టిక ఎంత అవసరమో గడియారానికి నడక పట్టిక అంత అవసరం.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- ఖచ్చితత్వం ఒక్క యంత్రానికి చెందిన గుణం కాదు. యంత్రం నడక, అది ఉన్న చోటు, దాన్ని సరిచేసిన ప్రమాణం కలిస్తేనే దానికి అర్థం ఉంటుంది.
- 1656కు ముందరి ఐరోపా యాంత్రిక గడియారానికీ గడియకుడుకకూ ఖచ్చితత్వంలో చెప్పుకోదగిన అంతరం లేదు. అంతరాన్ని తెచ్చింది లోలకం.
- లండన్‌లో సరిచేసిన లోలక గడియారం ద్రాక్షారామంలో రోజుకు సుమారు 2 నిమిషాలు వెనకబడుతుంది. డెల్టా వేడి, తేమ వల్ల వచ్చే తేడాలకన్నా ఇది పెద్దది, కాని ఒక్కసారి సరిచేస్తే తీరిపోయేది.
- 1906కు ముందు మద్రాసు కాలం వల్ల సుమారు 7 నిమిషాలు, 1942-45 నడుమ గంటకు పైగా స్థానిక కాలంతో తేడా ఉంది. ఈ కాలాల జాతకచక్రాలను, వేళలతో కూడిన పత్రాలను చదివేటప్పుడు ఈ సవరణ తప్పనిసరి.
- సేకరణలో పెట్టె, పేరు నిలుస్తున్నాయి. నడకకు సంబంధించిన ఆధారాలు బాగుచేతలో పోతున్నాయి. బాగుచేతకు ముందు నడక పట్టిక తయారుచేయడం పరిశోధన పద్ధతిలో భాగం కావాలి.

గోదావరి జిల్లాల పాత లోగిళ్లు కూలి కొత్త భవనాలు లేస్తున్న కాలమిది. వాటి గోడల నుంచి దిగుతున్న గడియారాలు పాతసామాను కొట్లకు, అక్కడి నుంచి దూరనగరాల అలంకార గదులకు చేరుతున్నాయి. తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు తమ విద్యార్థుల క్షేత్రపర్యటనల్లో తాళపత్రాలతో పాటు గోడగడియారాలను కూడా నమోదు చేయిస్తే, తెలుగువారు గడియ నుంచి గంటకు మారిన తీరు ఒక్కొక్క ఇంటి ఆధారంతో బయటపడుతుంది. ఒక ఊరిలో పది గడియారాల నడక పట్టికలు దొరికినా, ఆ ఊరి జాతకచక్రాలను మరింత నమ్మకంగా చదవడానికి దారి ఏర్పడుతుంది.